రెండు వందల ఉత్తరాలు

మా ఇంటికి వచ్చిన మొట్టమొదటి అక్కర్లేని ఉత్తరం నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు మేం రాయగడలో ఉండేవాళ్ళం. రాయగడ జిల్లా అయింది 1992లో. అప్పటికి అది కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. వచ్చింది 15 పైసల కార్డు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో చీమల బారుల్లాంటి అక్షరాలు. ఎక్కడో ఒక గుళ్ళో పాము ప్రత్యక్షమై పూజారితో మాట్లాడిందట. ఈ సంగతి 21 కార్డుల మీద రాసి 21 మందికి పంపితే వారంలోగా ధనలాభమట. పంపకుండా చింపేసిన ఒకాయన రక్తం కక్కుకున్నాడట. రాసినవాళ్ళ పేరు లేదు, ఊరూ లేదు.

అమ్మ హడలిపోయింది. 21 కార్డులంటే మూడు రూపాయల పదిహేను పైసలు. నాన్నకు తెలియకుండా పోపులపెట్టె వెతకాలి. సరిగ్గా ఆ వేళకే కోరాపుట్ నుంచి మావయ్య దిగారు. ఆయన అక్కడ బడిపంతులు. సెలవులకు లక్ష్మీపూర్ మీదుగా కొండదారి బస్సులో ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని వచ్చేవారు. కార్డు చదివి నవ్వి, రెండు ముక్కలు చేసి పొయ్యిలో పడేశారు.

"అప్పా, దేవుడు మనతో ఏటైనా చెప్పుకోవాలంటే పోస్టాఫీసుకు పోతాడేటే?" అన్నారు.

వారం గడిచింది. మావయ్యకు ఏమీ కాలేదు. అక్కర్లేని ఉత్తరాన్ని గుర్తుపట్టి పారెయ్యడం పెద్ద విద్య అని ఆనాడు నాకు అనిపించింది. తరవాత ఆ విద్యే నా ఉద్యోగమైంది.

నేను పనిచేసింది ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ విభాగంలో. దాని పేరు ఇక్కడ అనవసరం. మన కొండజిల్లాల్లోది మాత్రం కాదు. కోరాపుట్‌కు కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో వచ్చింది, నా ఉద్యోగం అంతకు చాలా ముందే మొదలైంది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. తరవాత కొన్నేళ్ళకు మా దగ్గర ఒక్కొక్క ఆచార్యుడికీ ఒక్కొక్క ఈ-మెయిల్ చిరునామా ఇచ్చాం. మొదట్లో రోజుకు ఒక ఉత్తరం వస్తే గొప్ప. దాన్ని అచ్చు తీసి ఫైల్లో పెట్టుకునేవారు. మరి నాలుగైదేళ్ళు గడిచేసరికి పొద్దున్నే పెట్టె తెరిస్తే చాలు, మందులు, బూతుబొమ్మలు, చౌక రుణాలు, ఆఫ్రికాలో ఎవరో మంత్రిగారి భార్య దాచిన కోట్లు. వీటి మధ్య పరీక్షల తేదీ చెప్పే ఉత్తరం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, నా వయసుకు ఆ మందులన్నీ ఎందుకు?" అని అడిగి, నవ్వలేక వెళ్ళిపోయారు.

ఈ పీడ కంప్యూటర్ లోకంలో చాలా పాతది. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యుర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. ఆనాటి ఆర్పానెట్‌లో అదే మొదటి చెత్త ఉత్తరం అంటారు. 1994లో అరిజోనాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్ కార్డు లాటరీ గురించిన తమ ప్రకటనను వేలకొద్దీ చర్చావేదికల మీద కుమ్మరించారు. గ్రీన్ కార్డు అనే మాట తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాలా! స్పామ్ అనే పేరు మాత్రం డబ్బాలో అమ్మే ఒక మాంసానిది. 1970లో ఇంగ్లండు టెలివిజన్‌లో మాంటీ పైథాన్ అనే హాస్యబృందం ఒక నాటిక వేసింది. అందులో హోటల్లో ఏది అడిగినా స్పామే, మాట వినబడనియ్యకుండా పక్కనుంచి పాడేదీ స్పామ్ పాటే. కావలసిన మాట వినబడకుండా చేసేది కాబట్టి ఆ పేరు ఇలాంటి ఉత్తరాలకు నిలిచిపోయింది.

మా విశ్వవిద్యాలయంలో దీనికి ఒక అడ్డుకట్ట వెయ్యమని నాకు పని అప్పగించారు. డబ్బు పెద్దగా లేదు. జస్టిన్ మేసన్ అనే ఆయన 2001లో లోకానికి ఉచితంగా అందించిన స్పామ్‌అసాసిన్ అనే ప్రోగ్రామును తెచ్చి పెట్టాను. దాని పనితీరు మన ఇళ్ళల్లో బియ్యం చెరగడం లాంటిదే, కాకపోతే ఒక చేట కాదు, మూడు నాలుగు చేటలు.

మొదటి చేట చిరునామా చూస్తుంది. ఏ కంప్యూటర్ల నుంచి చెత్త వస్తోందో కొందరు పట్టీలు రాసి లోకమంతటికీ అందిస్తుంటారు. ఆ పట్టీలో ఉన్న చోటునుంచి వస్తే అనుమానం. ఇందులో చిక్కేమిటంటే, వీధిలో ఒక దొంగ ఉంటే వీధి వీధంతా వెలి అయిపోతుంది. రెండో చేట ఉత్తరం వాలకం చూస్తుంది. తేదీ సరిగా ఉందా, పైన విషయం రాసే చోట అర్థంకాని గుర్తులున్నాయా, ఇలాంటివి. ఒక్కొక్క తప్పుకూ కొన్ని మార్కులు. మొత్తం 5 మార్కులు దాటితే అది చెత్త. బళ్ళో మార్కులు వస్తే మంచిది, ఇక్కడ వస్తే చెడ్డది.

మూడో చేట అన్నిటికంటె తెలివైనది. 1761లో చనిపోయిన థామస్ బేయిస్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు సంభావ్యత మీద ఒక వ్యాసం రాసి దాచుకున్నాడు. ఆయన పోయాక 1763లో అది అచ్చయింది. ఆ లెక్కనే ఇక్కడ వాడతారు. ఒక మాట చెత్త ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చింది, మంచి ఉత్తరాల్లో ఎన్నిసార్లు వచ్చింది అని యంత్రం లెక్క కట్టుకుంటుంది. కొత్త ఉత్తరం రాగానే అందులోని మాటల చరిత్ర అంతా కూడి, ఇది ఏ జాతిదో తేలుస్తుంది. పాల్ గ్రాహం అనే కంప్యూటర్ పండితుడు 2002లో దీన్ని గురించి రాసిన వ్యాసం తరవాత ఈ పద్ధతికి బాగా పేరు వచ్చింది. అయితే దానికి ముందు పాఠం చెప్పాలి. కనీసం 200 చెత్త ఉత్తరాలు, 200 మంచి ఉత్తరాలు చూపిస్తేగాని ఆ చేట పని మొదలుపెట్టదు. ఈ 200 అనే అంకె దయచేసి గుర్తుపెట్టుకోండి.

వీటికి తోడు ఇంకొక మీట ఉంది. మీకు ఏయే భాషల్లో ఉత్తరాలు వస్తాయో చెప్పండి, మిగతా భాషల్లో వస్తే అనుమానిస్తాను అంటుంది. ఆ రోజుల్లో చైనా, రష్యా భాషల్లో చెత్త గుట్టలుగా వచ్చేది. మా దగ్గర ఆ భాషలు చదివేవాళ్ళు ఎవరూ లేరు. నేను ఆలోచించకుండా ఇంగ్లీషు, హిందీ అని రాసి మీట నొక్కేశాను. విశ్వవిద్యాలయానికి వచ్చే ఉత్తరాలు ఆ రెండు భాషల్లోనే కదా అనుకున్నాను. నేను తెలుగుదాన్నని, నా పక్క బల్ల ఆయన ఒడియా వాడని, ఆ క్షణాన నాకు తోచనే లేదు.

సేవ అద్భుతంగా పనిచేసింది. పెట్టెలు శుభ్రపడ్డాయి. మందుల గురించి అడిగిన పెద్దాయన నాకు కిలో జీడిపప్పు పంపారు. పట్టుబడిన ఉత్తరాలను వెంటనే చింపకుండా 15 రోజులు ఒక గదిలో ఉంచి, ప్రతి సోమవారం ఎవరి జాబితా వాళ్ళకు పంపే ఏర్పాటు చేశాను. మంచి ఉత్తరం ఏదైనా పొరపాటున చిక్కుకుంటే చూసి విడిపించుకోవచ్చు. ఎవరూ చూసేవారు కాదు. నేను మాత్రం చూసేదాన్ని.

2008 ఆశ్వయుజంలో ఒక సోమవారం నా జాబితాలో ఒక ఉత్తరం కనిపించింది. పంపినవాళ్ళ పేరు ఏదో ఇంటర్నెట్ దుకాణానిది. విషయం అనే చోట వరసగా ప్రశ్నార్థకాలు. ఏడు ప్రశ్నార్థకాలు, ఒక ఖాళీ, మళ్ళీ ఐదు. నా తెర ఆ అక్షరాలను చూపించలేక అలా వేసింది. అలాంటివి అంతకు ముందు వేలు చూశాను, అన్నీ చైనావే. దాన్నీ వాటిలో కలిపేసి టీకి వెళ్ళాను. 15 రోజులకు గది దానంతట అదే ఊడ్చుకుపోయింది.

ఆ తరవాత మాఘమాసంలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి రాయగడ వెళ్ళాను. స్టేషన్‌లో దిగి ముందు మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకుని ఇంటికి చేరాను. మావయ్య అప్పటికి ఉద్యోగం మానుకుని కోరాపుట్ నుంచి వచ్చేసి రాయగడలోనే స్థిరపడ్డారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. పందిట్లో అందర్నీ పలకరించారు, నన్ను తప్ప. భోజనాల దగ్గర నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమ్మా, తీరిక దొరికిందా?" అన్నారు.

"అదేమిటి మావయ్యా, అలా అంటారు?"

"ఏటీ లేదు. పెద్ద ఉద్యోగం. ముసిలాడి ఉత్తరాలకు జవాబు రాయాలంటే కుదురుద్దా? నాను తప్పుగా అనుకోలేదు."

"మీరు ఉత్తరం రాశారా? ఎప్పుడు?"

చెప్పారు. చెబుతూ ఉంటే నా విస్తట్లో అన్నం చల్లారిపోయింది.

ఆయనకు గిడుగు రామమూర్తి పంతులుగారంటే ప్రాణం. పర్లాకిమిడిలో ఉండి సవరల భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చిన మనిషి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చినప్పుడు పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. "ఆయన ఎల్లిపోయాడు. మనం ఉండిపోయాం" అనేవారు మావయ్య. ఆ మాటలో నిందా లేదు, గర్వమూ లేదు. ఉండిపోయినవాళ్ళ మాటలు ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా అని, ఉద్యోగం మానాక ఆయన ఆ పని పెట్టుకున్నారు. రాయగడ, గుణుపూర్, కోరాపుట్, జయపురం వైపు తెలుగిళ్ళల్లో వినబడే మాటలు, పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకున్నారు. మూడు వందల పైచిలుకు అయ్యాయి.

వాటిని నాకు పంపితే విశ్వవిద్యాలయంలో ఎవరైనా పండితుడికి చూపిస్తానని ఆయన ఆశ. రాయగడలో ఒక ఇంటర్నెట్ దుకాణానికి నాలుగు సాయంత్రాలు వెళ్ళారు. లేఖిని అని ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే సాధనం ఒకటి అప్పటికే వచ్చింది. ఆయన చదువుతుంటే దుకాణం కుర్రాడు కొట్టాడు. మావయ్యకు సొంత చిరునామా లేదు కాబట్టి కుర్రాడు తన దుకాణం చిరునామా నుంచే పంపాడు. "కంప్యూటర్లోకి ఎక్కిపోయింది మాస్టారూ, ఇంక ఏ చెదా ముట్టదు" అని భరోసా ఇచ్చాడు. ఆ మాట నమ్మి మావయ్య క్యాలెండర్ కాగితాలను పొట్లాల దుకాణానికి ఇచ్చేశారు. పెళ్ళి నాటికి ఆ ఇంటర్నెట్ దుకాణం మూతబడింది. కుర్రాడు విశాఖపట్నం వెళ్ళిపోయాడు. అతని ఫోను దొరకలేదు, ఆ చిరునామా తాళం చెవి ఎవరి దగ్గరా లేదు.

నాకు వెంటనే తెలిసిపోయింది. ఏడు ప్రశ్నార్థకాలు, ఒక ఖాళీ, మళ్ళీ ఐదు.

ఆ రాత్రి నిజం చెప్పాను. ఆ ఉత్తరం నాకు చేరిందనీ, నేను పెట్టిన కాపలావాడే దాన్ని పట్టుకున్నాడనీ, పట్టుకున్నట్టు నాకు చెప్పాడనీ, నేను చూసి కూడా వదిలేశాననీ. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అడిగారు.

"నీ కాపలావాడికి తెలుగు రాదా?"

"రాదు మావయ్యా."

"నువ్వు నేర్పలేదా?"

నా దగ్గర జవాబు లేదు.

తిరిగి వెళ్ళగానే ఆ భాషల పట్టీ తెరిచి చూశాను. స్పామ్‌అసాసిన్ పోల్చుకోగల భాషలు అరవై వరకూ ఉన్నాయి. హిందీ, మరాఠీ, నేపాలీ, తమిళం ఉన్నాయి. సంస్కృతం ఉంది. లాటిన్ ఉంది. తెలుగు లేదు. ఒడియా కూడా లేదు. చచ్చిపోయాయని అందరూ చెప్పే భాషలను గుర్తుపట్టి, కోట్లమంది మాట్లాడే రెండు భాషలను ఎరగకపోవడం మొదట నాకు కోపం తెప్పించింది. ఆలోచిస్తే కోపం నిలవలేదు. అది ఊరికే వచ్చిన ప్రోగ్రాము. ఏ భాషవాడు తన భాష నమూనా పట్టుకువెళ్ళి ఇస్తే ఆ భాష అందులోకి ఎక్కుతుంది. మనం ఇవ్వలేదు. పైగా ఇంగ్లీషు, హిందీ తప్ప మరేదీ వద్దని మీట నొక్కింది నేను. మావయ్య ఉత్తరానికి దుకాణం చిరునామా వల్ల కొన్ని మార్కులు, విషయం రాసే చోట వింత గుర్తుల వల్ల కొన్ని, తెలియని భాష కావడం వల్ల కొన్ని పడి ఉంటాయి. ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ కలిసి 5 దాటాయి.

భాషల కంచె ఆ రోజే తీసేశాను. కాని కంచె తీస్తే చాలదు, మూడో చేటకు తెలుగు పాఠం చెప్పాలి. మొదలుపెట్టడానికి దానికి 200 మంచి ఉత్తరాలు కావాలన్నాను కదా, నేనూ అదే లెక్క పెట్టుకున్నాను. 200 మంచి తెలుగు ఉత్తరాలు పోగుచెయ్యాలి. విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్ళం తక్కువేమీ కాదు. పాఠాలు చెప్పేవాళ్ళు, గుమాస్తాలు, హాస్టలు పిల్లలు, వంటశాల వాళ్ళు. అందరి దగ్గరికీ తిరిగాను.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఉత్తరాలు లేవు.

ఒకాయన నాకు తన తెలుగు ఉత్తరాలంటూ చూపించినవన్నీ ఇంగ్లీషు లిపిలో ఉన్నాయి. "మా తమ్ముడికీ నాకూ అలవాటు" అన్నారు. పిల్లలు తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడతారు, రాయరు. గుమాస్తా పని చేసే ఒకావిడ, "మా ఇంటి గొడవలు నీ మిషన్‌కు ఎందుకమ్మా?" అంది. అది న్యాయమైన మాట. యంత్రం ఉత్తరాన్ని దాచుకోదనీ, మాటల లెక్క మాత్రమే ఉంచుకుంటుందనీ వివరించాను. ఆలోచించి చెబుతానంది. మూడు రోజుల తరవాత వాళ్ళమ్మ రాసినవి నాలుగు ఉత్తరాలు తెచ్చి ఇచ్చింది. పక్క బల్ల ఒడియా ఆయన నా అవస్థ చూసి నవ్వి, "మీ తరవాత మా వంతు" అని తనూ ఒడియా ఉత్తరాలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఆయనకూ నాలాగే అయింది.

నెల రోజులు తిరిగితే నాకు దొరికినవి 63. అంతమంది తెలుగువాళ్ళలో, తెలుగు లిపిలో రాసుకున్న ఉత్తరాలు అరవై మూడు.

మావయ్యకు ఫోన్ చేసి ఈ లెక్క చెప్పాను. కాసేపు ఆగి అన్నారు.

"జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు వాల్తేరు విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు, ఎరుగుదువా?"

"విన్నాను మావయ్యా."

"నా దగ్గర లక్షలు లేవు. నాను ఉత్తరాలిస్తాను. నూట ముప్ఫై ఏడు కావాలి, అంతే కదా."

మర్నాటి సాయంత్రం మొదటిది వచ్చింది. ఆయన మనవరాలు ఇంట్లో కంప్యూటర్ మీద కొట్టింది. ఆ పిల్ల ఒడియా బడిలో చదువుకుంది, తెలుగు మాట్లాడుతుందిగాని అక్షరాలు రావు. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెరమీద తెలుగక్షరం పడుతుంటే, చూసి చూసి నేర్చుకుంది. ఆయన పోగొట్టుకున్న మాటలనే గుర్తు తెచ్చుకుని, రోజుకు ఒకటి, ఒక్కొక్క ఉత్తరంలో ఒక్కొక్క మాట రాయించారు. మాట, దాని అర్థం, అది తాను ఎవరి నోట విన్నారో ఒక ముక్క.

"గెడ్డ. కొండమీంచి దిగే చిన్న ఏరు. మా తాత గెడ్డ అవతల పొలం అనేవాడు. బళ్ళో వాగు అని నేర్పించేను నాను."

"చోళ్ళు. గోదావరి నుంచి వచ్చిన మా హెడ్మాస్టరు రాగులు అనేవాడు. పక్కింట్లో మాండియా అనేవారు. ముగ్గురం తాగింది ఒకటే అంబలి."

"బుగత. భూమి గల ఆసామి. ఈ మాట అనేటప్పుడు మనిషి కొంచెం వంగుతాడు, గమనించేవా?"

"కంబారి. బుగత ఇంట ఏడాదికి కుదిరిన పాలేరు. పై మాటతో కలిపి చదువుకో."

"అప్ప. అక్క. మీ అమ్మను పిలవడానికి నాకున్న మాట. ఆవిడ పోయినాక ఎవర్నీ పిలవలేదు."

ఈ చివరిది చదివిన రోజు నేను పనిచెయ్యలేదు.

ఒక్కొక్క ఉత్తరాన్నీ చదివి, యంత్రానికి ఇది మంచిది అని చూపించేదాన్ని. మొదటివి కొన్ని ఆ గదిలోనే పడ్డాయి, నేను విడిపించాను. ఇరవై, ముప్ఫై దాటేసరికి పడడం తగ్గింది. వందో ఉత్తరం నాటికి నా ప్రమేయం లేకుండా నేరుగా పెట్టెలోకి వచ్చేవి. హాస్టల్లో ఒక కుర్రాడికి శ్రీకాకుళం నుంచి వాళ్ళ నాన్న రాసిన మొదటి తెలుగు ఉత్తరం ఆపకుండా అందిందని తెలిసినప్పుడు, అది మావయ్య అంబలి, గెడ్డల చలవే అనుకున్నాను.

నూట ముప్ఫై ఏడోది వచ్చిన సాయంత్రం ఫోన్ చేశాను.

"అయిపోయినాయి మావయ్యా. రెండు వందలూ నిండాయి."

"అయితే ఆపెయ్యనా?"

"వద్దు."

ఆపలేదు. కళ్ళు సహకరించినంతకాలం రాయించారు. మొత్తం 164 మాటలు తిరిగి వచ్చాయి. అవి పుస్తకంగా కుట్టించి ఒకటి ఆయనకిచ్చాను, ఒకటి నా దగ్గర ఉంది. కాని మొదట ఉన్నవి మూడు వందల పైచిలుకు. మిగతావి ఏమిటో ఆయనకే గుర్తు రాలేదు. గుర్తు రానిది అడిగితే ఏం చెబుతారు? "ఉండేవమ్మా" అనేవారు, అంతే. 2014లో ఆయన వెళ్ళిపోయారు. ఆ నూట ముప్ఫైకి పైగా మాటలు నేను పోగొట్టినవి. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు నేను ఉద్యోగం మానుకుని రాయగడలో ఉంటున్నాను. మా విశ్వవిద్యాలయం సొంత చేటలను కట్టిపెట్టి, ఉత్తరాల పనంతా బయటి పెద్ద కంపెనీకి అప్పగించింది. ఇప్పటి యంత్రాలకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. తెరమీద ప్రశ్నార్థకాలు కనబడడం అరుదైపోయింది. సంతోషించాలి. అయితే దానితోపాటు ఇంకొకటి వచ్చింది. వెనక తెలుగు లిపిలో ఒక ఉత్తరం వచ్చిందంటే అది అయినవాళ్ళదే అని కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాళ్ళం, ఎందుకంటే దొంగలకు తెలుగు రాదు. ఇప్పుడు దొంగలకూ వచ్చేసింది. మీ కరెంటు ఈ రాత్రి కోసేస్తారు, మీ బ్యాంకు ఖాతా ఆగిపోయింది, ఈ లంకె నొక్కండి అని శుభ్రమైన తెలుగులో రాస్తున్నారు. మా వీధిలోనే ఒక ముసలమ్మ, తెలుగులో ఉంది కదా మనవాళ్ళే అనుకుని నొక్కి, పింఛను డబ్బు పోగొట్టుకుంది. ఆనాటి పాము కార్డు మళ్ళీ వచ్చింది, ఈసారి పసుపు లేకుండా.

కనుక తెలిసినంతలో నాలుగు మాటలు. ఫోన్లో ప్రకటనలు ఆపించాలంటే 1909 నంబరు ఉంది. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పండి. అర్జంటు అన్నదాన్ని అర్జంటుగా చెయ్యకండి. చెత్త ఉత్తరాన్ని ఊరికే తీసెయ్యకుండా, ఇది చెత్త అని యంత్రానికి చెప్పే గుర్తు ఉంటుంది, అది నొక్కండి. మంచి ఉత్తరం చెత్తలో పడితే, ఇది చెత్త కాదు అనే గుర్తు కూడా ఉంటుంది, దాన్ని మరవకండి. ఈ రెండోదే నేను నా ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నది. యంత్రం మనం చూపించినదాన్నే ఎరుగుతుంది. మన మాట మనం రాసి చూపించకపోతే, అది మన మాటను చప్పుడు కింద జమకట్టి ఊడ్చేస్తుంది, అందులో దాని తప్పేమీ ఉండదు.

మావయ్య మనవరాలు ఇప్పుడు కోరాపుట్‌లో ఉద్యోగం చేస్తోంది. నెలకొకసారి నాకు తెలుగులో ఉత్తరం రాస్తుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటే, "తాతగారు లెక్క 200 దగ్గర ఆపమనలేదు కదా" అంటుంది.

నాకు ఒక అలవాటు మిగిలిపోయింది. ప్రతి సోమవారం పొద్దున టీ తాగకముందే చెత్త ఉత్తరాల గది తెరుస్తాను. చాలావరకు రుణాలు, లాటరీలు, మందులే. ఒక్కటి కూడా వదలకుండా చూసి, అప్పుడు ఊడుస్తాను. ఎప్పుడైనా వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం, అది చైనాదైనా సరే, తెరవకుండా పారెయ్యలేను.